మా బావి నీళ్ళు తాగిన సారు

మా రంగుల ఫ్యాక్టరీ మేనేజర్ సారు గుండెపోటుతో పోయారని మొన్న మంగళవారం గేటు దగ్గర తెలిసింది. టిఫిన్ డబ్బాతో అక్కడే కూలబడ్డాను. ఏడుపు కంటే ముందు నా మీద నాకే కోపం వచ్చింది. ఆయన బతికుండగా బయటపెట్టాల్సిన మాట ఒకటి నా గొంతులోనే ఉండిపోయింది.

ఆయనది కోస్తా వైపు. శంషాబాద్‌కు వచ్చీ రాగానే మా పాత అలవాటు ఒకటి మాన్పించారు. వాన పడితే ట్యాంకు వాల్వు తిప్పి, రంగునీళ్ళు వాగులోకి వదిలేవాళ్ళం. వరదలో ఎవరికీ కనబడదని మా ధీమా. సారు రోజూ ఇంటికి వెళ్ళేముందు వాగు దాకా నడిచి, దోసిట్లో నీళ్ళు పట్టి వాసన చూసేవారు. "మన ఫ్యాక్టరీ గేటు దగ్గర అయిపోదయ్యా, ఈ వాగు పోయినంత దూరం పోతుంది" అనేవారు.

అయినా ఒక వానరోజు, ట్యాంకు నిండిందని, సారు ఊళ్ళో లేరని, బద్ధకం కొద్దీ నేను వాల్వు తిప్పేశాను. మర్నాడు మా ఊరి బర్రెలు నాలుగు వాగు ఒడ్డున కాళ్ళు కొట్టుకుని, నురగలు కక్కి చచ్చాయి. అందులో రెండు మా ఇంటివే.

సారు తిరిగొచ్చేసరికి ఊరంతా కర్రలతో వచ్చి గేటు విరగ్గొట్టింది. అందరికంటే ముందు మా బాపు, చేతిలో గొడ్డలి కామ కర్ర.

"వాల్వు తిప్పినోన్ని బయటికి పంపుండ్రి! ఇయ్యాల వాని పానం తీస్త!"

ఆ షిఫ్టు ఎవరిదో సారుకు తెలుసు. నా వైపు చూడనైనా చూడకుండా ఎదురు నడిచారు.

"ఇక్కడ వాల్వు ఎవరు తిప్పినా తిప్పింది నేనేనండీ. కొట్టేదుంటే నన్ను కొట్టండి."

బాపు కొట్టాడు. మొదటి దెబ్బకు చెయ్యి విరిగిన చప్పుడు నాకు వినబడింది. రెండో దెబ్బకు తల పగిలి తెల్లచొక్కా నెత్తురుతో తడిసింది. నేను పిరికిపందలా బాయిలర్ వెనక నిలబడ్డాను.

చేతికి కట్టుతో తిరిగొచ్చిన సారు పోలీసు కేసు వద్దన్నారు. నన్ను పిలిచి, "నిన్ను తీసేస్తే నీ చోట్లో ఇంకొకడు తిప్పుతాడు. రోజూ మీ ఊరి బావి నుంచి ఒక బిందె నీళ్ళు తెచ్చిపెట్టు" అన్నారు. వాగు పక్కనున్న ఆ బావి నీళ్ళు తుప్పు రంగులో ఉండేవి. ఆయన అవే తాగారు. రెండుసార్లు వాంతి చేసుకున్నా మానలేదు. నగరం నుంచి యజమాని వస్తే ఆయన బల్ల మీదా అవే పెట్టించారు. యజమాని గ్లాసు గోడకేసి కొట్టాడు.

"మతి పోయిందా నీకు?"

"మనం తాగలేనివి వాళ్ళ గొడ్లు ఎలా తాగుతాయండీ?"

నెల తిరక్కుండా నీళ్ళు శుభ్రం చేసే తొట్లు కట్టడం మొదలైంది. చచ్చిన బర్రెలకు బదులు బర్రెలు ఇచ్చారు. బావి తేటపడడానికి రెండేళ్ళు పట్టింది. సారు చెయ్యి మాత్రం వంకరగానే అతుక్కుంది.

మొన్న సారును పాడె ఎక్కించే ముందు, కడసారి నోట్లో పోయడానికి బాపు చెంబుతో ఆ బావి నీళ్ళు పట్టుకుని సారు ఇంటికి వచ్చాడు. ఆ వంకర చేతిని పట్టుకుని, "పాపం జేసిన సారూ, గొడ్డును కొట్టినట్టు కొట్టిన" అని ఏడ్చాడు. ఇక ఆగలేకపోయాను.

"బాపూ, ఆ దినం వాల్వు తిప్పింది నేనే."

అందరి ముందూ నా చెంప పగిలింది. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. బాపు రొప్పుతూ చెంబు నా చేతిలో పెట్టాడు.

"పొయ్యి. ఇగ నువ్వే పొయ్యి."

సారు నోట్లో పోశాను. తేటనీళ్ళు ఆయన గడ్డం మీదుగా జారి, గుండె మీద పెట్టిన ఆ వంకర మోచేతి మడతలో నిలిచాయి.