కల్పవల్లి వెనకాల కర్రి ఎనుము

ఆ రోజుల్లో నాకు పాట కంటే ముందు ముద్ర దొరికింది. ముద్ర అంటే వాగ్గేయకారులు చివరి చరణంలో పెట్టుకునే సంతకం. అందరూ పాట కట్టి, ఆ తరువాత సంతకం చేస్తారు. నేను మాత్రం ఇరవై రెండేళ్ల వయసులో, ఒక్క పల్లవి కూడా రాయకుండానే ‘మధురాపురవాసిని’ అని ముద్ర ఎంచుకుని, నోటు పుస్తకం అట్ట మీద మూడు రంగుల్లో రాసుకున్నాను. (మధురలో ఉండేది నువ్వా, మీనాక్షమ్మా అని ఎవరైనా అడిగితే ఇద్దరమూ అని చెప్పడానికి జవాబు కూడా సిద్ధంగా ఉంచుకున్నాను.) మా పాట గురువుగారు ఆ అట్ట చూసి, మాట్టుతావణి బస్టాండులో నీ ముద్ర బస్సెక్కితే పాటకి నిలబడే చోటు కూడా మిగలదు అన్నారు.

తప్పు నా ఒక్కదానిదే కాదు. గురువుగారి ఇంటి భాష తమిళం. ఆయనకు వచ్చిన తెలుగంతా కీర్తనల్లోదే. మజ్జిగ కావాలన్నా “దయతో ఇటు తేవే” అని అడిగేవారు. అలాంటి మనిషికి, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల అంటే పుట్టుకతోనే వాగ్గేయకారిణి. “నీకేమమ్మా, వీట్టిల్ తెలుంగు. పాట నీ వాకిట నిలిచినది” అనేవారు. మా ఇంటి తెలుగుకీ కీర్తనల తెలుగుకీ ఎంత దూరమో పాపం ఆయనకేం తెలుసు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ బ్రోవమని అడగరు, ఇంకొంచెం సాంబారు పొయ్యమంటారు, అంతే. అయినా మా సంగీత సభ వార్షికోత్సవంలో నా సొంత పాట నాచేతే పాడిస్తానని ఆయన అందరి ముందూ మాట ఇచ్చేశారు. బాగుంటే తన కచేరీల్లో కూడా పాడతానన్నారు. వాగ్గేయకారిణి అనిపించుకోవడం తప్ప నాకు లోకంలో వేరే కోరిక లేదు. నెల రోజులు కూర్చున్నాను. ముద్ర తప్ప ఒక్క ముక్క రాలేదు.

గతిలేక మా అవ్వ పాట ఎత్తుకొచ్చాను. తిరుమంగళం అవతల నల్లరేగడి ఊళ్లో, పత్తి తీస్తూ అవ్వ పాడే పాట అది. “కర్రి ఎనుమొచ్చె, దూడ యాడ పోయె.” నల్ల గేదె ఇల్లు చేరింది, దూడ జాడ లేదు, అంతే కథ. ఆ వరసను నెమ్మది చేసి, నాలుగు సంగతులు తొడిగి, “కల్పవల్లి రావె, జాగు ఏల తల్లీ” అని మాటలు మార్చాను. గేదె ఉన్న చోట అమ్మవారిని కూర్చోబెట్టినందుకు చెంపలు కూడా వేసుకున్నాను. గురువుగారు కళ్లు మూసుకుని విని, యదుకుల కాంభోజిలో ఇంత మట్టి వాసన ఎప్పుడూ రాలేదని మెచ్చుకున్నారు. ఆ మట్టి ఎవరి చేలోదో నేను చెప్పలేదు.

దొంగకు ఉండాల్సిన తెలివి నాకుంటే ఆ కచేరీకి ఊరివాళ్లను పిలిచేదాన్ని కాదు. మా నైనా వ్యాను మాట్లాడి, అవ్వనూ ఆమెతో పత్తి తీసే ఆడవాళ్లందరినీ తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. (“ఎవురినీ వదలొద్దు నైనా” అని చెప్పింది నేనే.) పల్లవి ఎత్తుకున్నాను. మొదటిసారికి అవ్వ తల పైకెత్తింది. రెండోసారికి తొడ మీద తాళం మొదలైంది. చేలో ఒకరు పాట ఎత్తితే మిగతావాళ్లు అందుకోవాలి, పాడే మనిషిని ఒంటరిగా వదిలేయడం మర్యాద కాదు. ఇంతమందిలో మనవరాలు ఒక్కతే పాడుకుంటోందని అవ్వకు నా మీద జాలి కలిగింది. మూడోసారి నేను “కల్పవల్లి రావె” అనగానే ముందు వరుస మొత్తం “దూడ యాడ పోయె” అంది. మైకు లేకుండానే వెనక గోడ దాకా వినిపించింది. మృదంగం వాయించే ఆయన నన్ను వదిలేసి హాయిగా వాళ్లతో వెళ్లిపోయాడు. ముద్ర వచ్చినప్పుడు మాత్రం వాళ్లు ఆగారు. రైల్వే గేటు దగ్గర గూడ్సు బండి దాటేదాకా నిలబడ్డట్టు, నా మధురాపురవాసిని దాటేదాకా ఓపిగ్గా చూసి, మళ్లీ దూడను వెతకడం మొదలుపెట్టారు.

చప్పట్లు ఎంతకీ ఆగలేదు. నేను తల ఎత్తలేదు. గురువుగారు మైకు తీసుకుని, “ఇది ఎవ్వరి కృతి తల్లీ?” అని నేరుగా అవ్వనే అడిగారు.

“నాదేమి గాదు సామీ. మా అత్త పాడుతా ఉండె. ఆమెకి ఎవురు చెప్పిరో” అంది అవ్వ. నా పరువు అక్కడితో సరి అనుకున్నాను. ఆమె నా వైపు తిరిగింది. “బాగనే పాడితివి పాపా. అయితే దూడ దొరకనే లేదే? దొరికేదంకా పాడాల. నడిమధ్యలో ముడిస్తే ఆ పసిది రాత్రికి యాడ పడుకుంటాది?”

దూడ దొరికే చరణం ఒకటి ఉందని నాకు తెలియనే తెలియదు. చిన్నప్పుడు ఏనాడూ సాలు చివరిదాకా నిలిచిన పిల్లను కాను, ఎండకు ఓర్వలేక సగంలోనే గట్టెక్కేసేదాన్ని. గురువుగారు నవ్వి, “పో, మిగిలినది నేర్చి రా” అన్నారు. తిట్టలేదు. తిట్టనందుకే నాకు ఏడుపొచ్చింది. ఆ పత్తి కాలమంతా ఆదివారాలు అవ్వ పక్కన సాలు చివరిదాకా నడిచాను. ఆఖరి చరణంలో, ఊరంతా గాలించాక, దూడ ఆ వెతికే పిల్ల వెనకాలే నడుచుకుంటూ వస్తూ కనిపిస్తుంది.

ఇప్పుడు కోయంబత్తూరులో ఉంటున్నాను. కచేరీలకూ నాట్యాలకూ చాలా పాటలు కట్టాను. వాటిలో నా ముద్ర ఉంది, కొంచెం పొట్టి చేశాను. మూడు రంగుల అట్ట ఇంకా దాచుకున్నాను, ఆ పిల్లను చూసి నవ్వుకోవాలనిపించినప్పుడు తీస్తుంటాను. ఎక్కడ పాడినా చివర్లో ఒక చీటీ వస్తుంది, ఎనుము పాట కావాలని. ఎవరి కృతి అంటే మా అవ్వ అత్తది అంటాను. ముద్ర ఉండాల్సిన చోట దూడ ఉంటుంది. అవ్వ ఇప్పుడు లేదు. పల్లవి ఎత్తి ఒక్క క్షణం ఆగుతాను. ఏదో ఒక వరుసలోంచి ఎవరో ముసలమ్మ, నేను ఒంటరిగా పాడుతున్నానని జాలిపడి, అందుకుంటుంది.