పోశన్న తీసెయ్యమన్న మాట

చుట్టాల్లో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, మధ్యలో ఆపి "అప్పుడు కరెంటు ఉందా?" అని అడిగే రకం నేను. అలా అడిగి చాలామంది కథలు చెడగొట్టాను. నా పని అలాంటిది. బోధన్‌లో ఆటోలకు కట్టే మైకుల కోసం ప్రకటనలు రికార్డు చేస్తాను. గుర్రుమని చప్పుడొస్తే ఎర్తింగు చూస్తాను. అడుగున ఎవరిదో గొంతు వినిపిస్తే వైర్లు చూస్తాను. ఎప్పుడూ ఏదో ఒక కారణం దొరికేది. ఈ ఒక్కదానికి మాత్రం దొరకలేదు.

నా దగ్గర చాలా ఏళ్లు ప్రకటనలు చదివినవాడు పోశన్న. బడుల అడ్మిషన్లు, బట్టల దుకాణాలు, జాతరలు, చావు కబుర్లు, ఏవైనా ఆయనే చదవాలి. ఊళ్లో సగం మందికి ఆయన ముఖం తెలియదు గానీ గొంతు తెలుసు. మార్కెట్‌లో ఉల్లిగడ్డల ధర అడిగినా పక్కవాళ్లు తిరిగి చూసేవారు. దానికి ఆయన లోపల మురిసిపోయేవాడు, పైకి మాత్రం విసుక్కునేవాడు.

ఆ గొంతుకే క్యాన్సర్ వచ్చింది. బతకాలంటే స్వరపేటిక తీసెయ్యాలని హైదరాబాద్‌లో డాక్టర్లు చెప్పారు. ఆపరేషన్‌కు పోయే ముందు నా దగ్గరికి వచ్చి, భార్య కోసం నాలుగు మాటలు రికార్డు చేసిపెట్టమన్నాడు. ఆమె పేరు సాయవ్వ. పోశన్నను అన్న అంటాను కాబట్టి ఆమెను వదినె అంటాను. తలుపు మూసి, ఫ్యాన్ ఆపి రికార్డు చేశాను. గదిలో మేమిద్దరమే. ఎప్పటిలాగే ముందూ వెనకా సాపు చేసి, ఆయన పేరుతోనే ఫైలు దాచాను.

ఆపరేషన్ తర్వాత ఆయనకు మాట పోయింది. పోయి విని రమ్మని రోజూ నా దుకాణం వైపు సైగ చేసేవాడట. ఆమె రాలేదు. మనిషి ఎదురుగా ఉంటే పెట్టెలో మాటతో నాకేం పని అనేదట. ఏడాది తిరగకముందే పోశన్న పోయాడు. దినాలు అయిపోయాక అప్పుడు వచ్చింది.

కుర్చీ వేసి కూర్చోబెట్టాను. చిన్న స్పీకర్‌లో బాగుండదని పెద్దది పెట్టాను. ఆమె కొంగు సర్దుకుని, ఇంటికి ఎవరో పెద్దమనిషి వస్తున్నట్టు నిటారుగా కూర్చుంది. ఫైలు తెరిచాను. వచ్చింది నా గొంతు. "పరుపులు! పరుపులు! డబుల్ కాట్ పరుపు కొంటే రెండు మెత్తలు ఫ్రీ."

ఆపేశాను. ఫైలు పేరు చూశాను. పోశన్నదే.

ఏం జరిగిందో ఆ సాయంత్రానికి అర్థమైంది. నేను మౌసు వాడను. అది మైకు ఉన్న బల్ల మీదే ఉంటుంది కాబట్టి నొక్కినప్పుడల్లా ఆ టక్కు రికార్డులో పడుతుంది. అందుకని కీబోర్డు ఒళ్లో పెట్టుకుని పనంతా దాంతోనే కానిస్తాను. సేవ్ అనగానే ఒక పెట్టె తెరుచుకుంటుంది. కర్సర్ పేరు రాసే గడిలో ఉంటుంది. పేరు కొట్టి ఎంటర్, ఆ వెనక క్వాలిటీ అడుగుతూ వచ్చే ఇంకో పెట్టెకు మళ్లీ ఎంటర్. ఏళ్ల తరబడి అదే వరస. వేళ్లే చేసుకుపోతాయి, నేను తెర వైపు కూడా చూడను.

సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ దానంతటదే ఎక్కింది. అందులో ఏదో లోపం ఉంది. ఒక్కోసారి కర్సర్ పేరు గడిలో కాకుండా, పైన పాత ఫైళ్లు కనిపించే చోట కూర్చుంటోంది. పరుపుల ప్రకటన దాచే రోజు అదే జరిగింది. నేను పరుపులు అని కొట్టబోతే, రెండు పేర్లకూ మొదటి అక్షరం ఒకటే కాబట్టి అది పోశన్న ఫైలు మీదికి పోయింది. మొదటి ఎంటర్‌కు ఆ పేరే తీసుకుంది. పాతది చెరిపి దీన్ని పెట్టాలా అని అడిగితే, నా రెండో ఎంటర్ సరే అంది. పరుపులు పోయి పోశన్న మీద పడ్డాయి.

లోపం దానిదే కావచ్చు. కానీ సొరుగు నిండా పెన్‌డ్రైవ్‌లు పెట్టుకుని, ఒక్కదాంట్లో ఆయన మాట వేసి ఉంచలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

పోయిన ఫైళ్లు వెతికిపెట్టే మనిషి ఉన్నాడంటే కంప్యూటర్ పట్టుకుని నిజామాబాద్ పోయాను. నేనే మరిచిపోయిన పెళ్లి పాటలు, ఎన్నికల ప్రకటనలు బయటపడ్డాయి గానీ అది దొరకలేదు. వదినె ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. పోశన్న చదివిన పాత ప్రకటనలు బోలెడు ఉన్నాయి, ఫోన్‌లో వేసిస్తానన్నాను. అవి ఊరోళ్లకు చెప్పిన మాటలు, నాకెందుకు అంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నాట్ల రోజుల్లో ఒక పొద్దున ఆమే దుకాణానికి వచ్చింది. కోపమో సిగ్గో తెలియని ముఖంతో గడప దగ్గరే నిలబడింది.

"గంత మందిల ఏస్తరా తమ్మీ? నాటేసే ఆడోళ్లంత ఆడనే ఉన్నరు."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. ముందు రోజు మధ్యాహ్నం వర్ని రోడ్డు పక్క పొలంలో నాటు ఆపి, అందరూ గట్టు మీద అన్నం తింటున్నారు. రోడ్డు మీద పరుపుల ఆటో పోయింది. నడుమ పరుపుల మాట ఆగి, పోశన్న గొంతు వచ్చిందట. నేనే ఆ ఫైలు వెతికి పట్టుకుని, పొరపాటున ఆటోలో వేశానని ఆమె అనుకుంటోంది. పక్కవాళ్లు విన్నారా అంటే, వాళ్ల ముచ్చట్లలో వాళ్లున్నారు, ఎవరూ ఏమీ అనలేదంది.

పాపం అనుకున్నాను. దుఃఖంలో ఉన్న మనిషికి ఏ గొంతయినా అదే గొంతులా వినిపిస్తుంది. కాదనడం ఎందుకని, ఏమన్నాడు వదినె అని అడిగాను.

"బోధన్ పట్టణ ప్రజలకు ముఖ్య గమనిక అన్నడు. అని నవ్విండు. ఊరందర్ని పిలుసుడే వచ్చు, నిన్ను పిలుసుడు రాదు నాకు అన్నడు. మల్ల, సాయవ్వా అన్నడు."

మా వైపు ఆ వయసువాళ్లు భార్యను పేరు పెట్టి పిలవరు. పోశన్న కూడా ఓయ్ అనేవాడు, లేదా కొడుకు పేరు చెప్పి వాళ్లమ్మ అనేవాడు. పెళ్లయినప్పటి నుంచి తన పేరు ఆయన నోట వినలేదంది. తర్వాత నన్ను అడిగింది.

"గిదంత తీసెయ్ తమ్మీ, మల్ల చెప్త అని నీకే చెప్పిండు గద. తీసెయ్యమన్నంక ఎందుకు తీసెయ్యలే?"

నేను తీసేశాను. మైకు ముందు కూర్చోగానే పోశన్న అలవాటు కొద్దీ అచ్చం అలాగే మొదలుపెట్టాడు. నవ్వాడు, ఆ మాటలే అన్నాడు, తీసెయ్యమన్నాడు. ఆ ముక్కంతా కోసి పారేశాకే ఫైలు సేవ్ చేశాను. అంటే చెరిగిపోయిన ఫైలులో కూడా ఆ మాటలు లేవు. అవి ఎక్కడా లేవు. నేను ఎవరికీ చెప్పలేదు. ఆయనే ఇంటికి పోయి చెప్పాడేమో అందామా అంటే, అలా చెప్పగలిగే మనిషైతే నా దగ్గరికి వచ్చేవాడే కాదు.

ఆటో అతన్ని పిలిపించి, ఆ పెన్‌డ్రైవ్ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. పరుపులు, మెత్తలు, నా గొంతు. ఇంకేమీ లేదు. ఆమెకు అది ఎలా వినిపించిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. నాకు తెలిసిన ఏ కారణమూ దానికి అతకడం లేదు.

అయితే నన్ను తినేస్తున్నది అది కాదు. ఆమెకు వినిపించింది అంతవరకే. ఆటో మలుపు తిరిగిపోయింది. "ఎనక ఏమన్నడు తమ్మీ?" అని ఆమె అడిగింది. అసలు మాటలన్నీ ఆ వెనకే ఉన్నాయి. వాటిని విన్న మనిషిని లోకంలో నేనొక్కడినే. నోరు తెరిచాను. పైలం, జాగ్రత్తగా ఉండు అన్నాడు, భయపడకు అన్నాడు, నీళ్ల మోటారు గురించి ఏదో అన్నాడు. అంతకు మించి రాలేదు. కోసిన ముక్కను ఎక్కడ కోయాలో చూసుకోవడానికి మళ్లీ మళ్లీ విన్నాను కాబట్టి అది మాటకు మాట గుర్తుంది. మిగతాది ఆయన చెబుతున్నంతసేపూ, రికార్డులో గొంతు పగలకూడదని, అది తెర మీద ఎర్రగీత దాటకుండా చూసుకుంటూ కూర్చున్నాను, మాటలు మనసుకు పట్టలేదు.

ఇప్పటికీ మార్కెట్‌లో ఎదురుపడితే వదినె నన్ను ఆపుతుంది. ఏమన్న యాదికొచ్చిందా తమ్మీ అంటుంది. లేదు వదినె అంటాను.