హెన్రీ గారి మేక

కుక్కుటేశ్వరరావుకు ఉన్న జబ్బు ఒక్కటే, పాత అమెరికా సీరియళ్ల కథలు చెప్పడం. బీపీకి, షుగరుకు మాత్రలున్నాయి. దీనికి మాత్రం కువైట్ మొత్తం మీద మందు లేదు. నేను విచారించాను.

ఆయనది అమలాపురం దగ్గర ఊరు. బ్నీద్ అల్ గార్‌లో ఒక ముసలి కువైటీ పెద్దాయన దగ్గర డ్రైవరు. ఆ పెద్దాయనకు కారెక్కే ఓపిక పోయి, సాయంత్రాలు నలుపు తెలుపు అమెరికా సీరియళ్లు పెట్టుకుని కూర్చుంటాడు. బండి తీసే పని లేని డ్రైవరు వెనక కుర్చీలో కూర్చుని అవన్నీ చూస్తాడు. చూసిందంతా శుక్రవారం అన్నాలయ్యాక మా గదిలో మా నెత్తిన కుమ్మరిస్తాడు. వినేది ఇద్దరం. ఒకడు సుధాకర్, ఏసీ మెకానిక్కు. రెండోవాణ్ని నేను, నాగేంద్రప్రసాద్‌ని. ఇద్దరిదీ రాజంపేట వైపే. నేను టైపింగ్ సెంటర్లో జనం కష్టాలను అర్జీలుగా కొడుతుంటాను. వారమంతా ఏడుపులు టైపు కొట్టినవాడికి శుక్రవారం కాస్త నిద్ర కావాలి కదా. అది నా మొహాన రాసిపెట్టి లేదు.

రావు చెప్పేవాటిలో ఎడతెగనిది హెన్రీ కథ. ఏదో చిన్న ఊళ్లో పోస్టుమాస్టరు. రావు నోట్లో పడేసరికి ఇంటిల్లిపాదీ కోనసీమ వాళ్లైపోయారు.

“హెన్రీ గారు డ్యూటీ దిగొచ్చేసరికి వాళ్లత్తగారు మార్తమ్మగారు అరుగు మీద కూర్చునున్నారండీ.”

“అమెరికాలో అరుగేంది సామీ?” అన్నాను.

“మరి అంత పెద్దావిడ నిలబడే ఉంటదేంటండీ?”

ఆ హెన్రీకొక మేక. అది ఒకరోజు పోస్టాఫీసులో దూరి ఎవరిదో రిజిస్టరు ఉత్తరం నమిలేసి ఊరొదిలి పారిపోయింది. ఉద్యోగం ఊడుతుందని హెన్రీ దాన్ని వెతకడానికి బయల్దేరాడు. అది మార్చిలో. ఆగస్టు వచ్చినా మేక దొరకలేదు. ప్రతి శుక్రవారం ఏ పొద చాటునో తోక కనిపించేది. హెన్రీ చెయ్యి చాపేసరికి రావు లేచి లుంగీ దులుపుకునేవాడు.

“ఈ పూటకి చాలండీ. మిగతాది వచ్చే శుక్రవారం.”

“దొరికిందో లేదో చెప్పి పోన్నా!” అని సుధాకర్ తలగడ విసిరేవాడు.

“ఆయ్, అంత తొందరైతే ఎలాగండీ? మేకకి తెలియొద్దా?”

కథ చెప్పేటప్పుడు ఫోను తలగడ మీద బోర్లా పెట్టుకుని, దాని మీదికి వంగి మరీ గట్టిగా చెప్పేవాడు. తన గొంతు తనే రికార్డు చేసుకుని మురిసిపోతున్నాడనుకున్నాను.

మా పక్క ఊరి చిన్నపుల్లయ్య గొడవ కూడా అప్పటిదే. కబ్ద్ ఎడారిలో గొర్రెలు కాస్తాడు. పాస్‌పోర్టు వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ దగ్గర ఉండిపోయింది, మూడేళ్లుగా ఇంటికి పంపడం లేదు. అతని అర్జీ నాలుగుసార్లు నేనే కొట్టాను. నాలుగుసార్లూ ఏ బీరువాలోనో నిద్రపోయింది. మొదట్లో రోజూ ఫోన్ చేసేవాడు.

“అన్నా, ఈడ మనిషి గొంతు ఇని పది దినాలాయ. నాకు బతకాలని లేదన్నా.”

ఏం చెప్పను? అర్జీ పరిశీలనలో ఉందని ఎన్నిసార్లు చెప్పను? సిగ్గు విడిచి చెబుతున్నాను, అతని పేరు కనిపిస్తే నేను ఫోను తిప్పి పెట్టేసేవాణ్ని. సుధాకరూ అంతే. కొన్నాళ్లకు అతనే చేయడం మానేశాడు. ఎలా ఉన్నాడో కనుక్కోవడానికి కూడా భయపడి ఊరుకున్నాం.

ఆగస్టులో ఏవో కాగితాలు ఇవ్వడానికి రావు పనిచేసే ఇంటికి వెళ్లాను. ఎదురుగా తెర మీద హెన్రీ! పెద్దాయన కూర్చోమన్నాడు. ఒక ఉత్తరం వచ్చింది, తగువు పుట్టింది, అత్తగారు అలిగింది, అరగంటలో అంతా తేలిపోయి అందరూ నవ్వుకున్నారు. ఆ వెంటనే మరో వారం కథ మొదలైంది. పాత తగువు అందులో ఎవరికీ గుర్తే లేదు. అదీ అరగంటే. మేక ఊసే లేదు. ఒక కుక్క ఉంది కానీ అది ఉత్తరాల జోలికి పోలేదు.

బయటికొచ్చి రావును నిలదీశాను. “ఏ వారం కథ ఆ వారమే అయిపోతాంది గదయ్యా! మేక యాడుంది?”

“వెనకమాల ఉంటదండీ. తెరలో పట్టదు,” అన్నాడు, కొంచెం కూడా తడబడకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ లేని మేక కోసమా నేనిన్ని నిద్రలు పోగొట్టుకుంది!

సెప్టెంబరులో దేవుడు మా మొర విన్నాడు. రావుకు గొంతు పూర్తిగా పోయింది. పది రోజులు పెదవి విప్పొద్దన్నాడు డాక్టరు. సుధాకర్ స్వీట్లు తెచ్చాడు. శుక్రవారం పక్క దులుపుకుని హాయిగా వాలానో లేదో రావు ఫోను మోగింది. దాని మీద పేరు చిన్నపుల్లయ్య.

రావు ఫోను నా చేతిలో కుక్కి, కాగితం లాక్కుని గబగబా రాశాడు.

“మార్చిలో మీరు తిప్పి పెట్టిన ఫోను నేనెత్తితే చచ్చిపోతానన్నాడండీ. హెన్రీ గారి మేక దొరికిందో లేదో శుక్రవారం చెబుతాను, అప్పటిదాకా ఆగమన్నాను. ఆగాడు. అందుకే మేక దొరకట్లేదు. మీరు చెప్పండి.”

గదిలో గొంతు పోయినవాళ్లం ఇద్దరమయ్యాం.

“రావన్నా, పలకవేంది? గొర్రెలకు నీళ్లు పోసి కూసున్నా. చెప్పు.”

“ఆయనకు గొంతు బాగలేదబ్బీ. నేను ప్రసాదును.”

“ప్రసాదన్నా! బాగుండావా?”

ఆ గొంతులో నిష్ఠూరం ఇసుమంతైనా లేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

పదకొండేళ్లుగా అర్జీలు తప్ప ఏమీ ఎరగనివాణ్ని. “ఏమనగా, సదరు హెన్రీ, సదరు మేక నిమిత్తమై కొండ వద్దకు వెళ్లగా...” అని మొదలుపెట్టాను. సుధాకర్ నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. ఎలాగో ఒకలా గట్టెక్కాలనే కంగారులో, “ఆడ మేక దొరికింది. ఖలాస్,” అనేశాను.

రావు రెండు చేతులతో నెత్తి బాదుకున్నాడు. ఫోనులో గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఆర్నెల్లు ఆయన పట్టుకుని నిలబెట్టిన మనిషిని ఒక్క మాటతో వదిలేశానని అప్పుడు అర్థమైంది.

“అన్నా,” అన్నాడు చిన్నపుల్లయ్య చివరికి, “ఆ మేక ఎట్లుండాది?”

“బాగుండాది. కండ పట్టి నున్నగా ఉండాది.”

“అయితే మనది కాదు.”

“ఏమి?”

“మనది పోయేటప్పుడే సూడిది. గోడ దుమకలేక గేటు కింద దూరిందని రావన్న చెప్పినబ్బుడే నేను కనిపెట్టినా. ఆర్నెల్లాయ గదా, ఈనుంటాది. పిల్లలకు పాలిచ్చే మేక నున్నగా యాడుంటాదన్నా? హెన్రీ ఎవురిదో మేకను పట్టకచ్చినాడు. పోస్టాఫీసు మనిషి, ఆయప్పకేం తెలుసు?”

రావు కళ్లు మెరిశాయి. “ఎన్ని పిల్లలో అడగండి,” అని రాసి నా మొహమ్మీద పెట్టాడు. అడిగాను.

“రెండు. ఒగటి మచ్చలది, ఇంగోటి కర్రిది. కర్రిదాని కాలు రవ్వంత...” అని ఆగాడు. “ఎండ ముదిరింది, గొర్రెల్ని నీడకు తోలాల. అవి యాడుండేదీ నాకు తెలుసు. వచ్చే శుక్రారం నేనే చెప్తా. రావన్నను నోరు తెరవొద్దని చెప్పు.”

అతని అర్జీ ఐదోసారి కొట్టి ఇచ్చాను. ఇంకా కదల్లేదు. కదులుతుందన్న ఆశ నాకు లేదు. రావుకు గొంతైతే వచ్చింది కానీ, శుక్రవారాలు బుద్ధిగా మఠం వేసుకుని కూర్చుని వింటున్నాడు. కథ చిన్నపుల్లయ్యదే. కర్రిపిల్ల ఒక వాగు దాటడానికి మూడు వారాలు తీసుకుంది.

మొన్న గురువారం పనిలో ఉండగా ఇక ఆగలేక కబ్ద్‌కు నేనే ఫోన్ చేశాను.

“చిన్నపుల్లయ్యా, ఆ కర్రిదాని కాలు ఎట్లుందిరా?”

“రేపు గదన్నా శుక్రారం,” అన్నాడు వాడు, “అంత తొందరైతే ఎట్ల?”