పెద్దమ్మ నొక్కిన చోట్లు

మా పెద్దమ్మ పోయిందని బోగోలు నుంచి ఆమె ఇంటి యజమానురాలు ఫోన్ చేసేసరికి నేను నెల్లూరులో, మిల్లు కాటా దగ్గర నిలబడి వడ్ల లారీ తూకం చూస్తున్నాను. పొద్దున టీ ఇచ్చి వచ్చిందట ఆవిడ. గ్లాసు తీసుకుందామని మళ్ళీ వెళ్తే టీ అలాగే ఉందట, పెద్దమ్మ పలకలేదట. ఎదురుచూస్తున్న కబురే. ఇక డయాలసిస్‌కు రానని పెద్దమ్మ మొండికేసి అప్పటికి వారం దాటింది. అయినా ఏం చేయాలో తోచక, తూకం చీటీ రాసి డ్రైవర్ చేతిలో పెట్టి, లారీ గేటు దాటిందాకా చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత గానీ బోగోలుకు బయల్దేరలేదు.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. మా అమ్మకు అక్క. ప్రభుత్వ నర్సు. ఉద్యోగమంతా సముద్రం ఒడ్డునున్న ఒకే ఒక పాలెంలో, చేపలు పట్టేవాళ్ళ మధ్య చేసింది. మధ్యలో రెండుసార్లు బదిలీ అయితే రెండుసార్లూ ఎవరి కాళ్ళో పట్టుకుని వెనక్కి వచ్చింది. పాలెంలో ఆమెకు పేరు లేదు, నర్సమ్మే. తాగి వచ్చి పెళ్ళాన్ని కొట్టిన మగవాడు మర్నాడు పొద్దున ఆమె కంటపడకుండా ఇళ్ళ వెనకనుంచి పోయేవాడు. మాటలో మెత్తదనం తక్కువ. చెయ్యి మాత్రం మెత్తన. నాకు చిన్నప్పుడు సూది వేసినప్పుడల్లా, వేసేశాక గానీ తెలిసేది కాదు.

ఆమె రిటైరైన రోజున పాలెంవాళ్ళు శాలువా కప్పారు, స్టీలు బిందె ఇచ్చారు. ఒక బోటు ఆయన మాత్రం ప్లాస్టిక్ కవరులో చుట్టిన చిన్న పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు. గుప్పెట్లో పట్టే జీపీఎస్ అది. సముద్రం మీదికి తీసుకుపోయేది. ఆయన కొత్తది కొనుక్కున్నాడు గనుక పాతది తుడిచి, కొత్త బ్యాటరీలు వేసి తెచ్చాడు. ఎందుకబ్బయా నాకు, నేనేమన్నా వలేస్తానా అని పెద్దమ్మ నవ్విందట.

"రిటైరైనాక ఊళ్ళు తిరగతానంటిరి గదమ్మా" అన్నాడట ఆయన. "సముద్రంలో మాకు గుర్తులుండవు. చేప పడిన చోట ఈ మీట నొక్కి పెట్టుకుంటాం. బాగుండాదని ఊరికే నొక్కకూడదు. మళ్ళా రావాలనుకున్న చోటే నొక్కాల."

ఆ సాయంత్రమే ఆమె ఆయన్ను వెంటబెట్టుకుని పాలేనికి ఉత్తరాన ఉన్న సరుగుడు తోపులోకి నడిచింది. ఒక చోట నిలబడి మొదటిసారి మీట నొక్కింది. అక్కడ ఆమె కూతురుంది.

ఉంది అనే అనేది పెద్దమ్మ. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఆ పాలెంలోనే పుట్టిన బిడ్డ. పేరు పెట్టకముందే పోయింది. మాలో పసిబిడ్డల్ని కాల్చరు, పూడుస్తారు. రాయి పెట్టరు, గోరీ కట్టరు. బాలింతను అక్కడికి రానివ్వరు. పెదనాన్నా, పాలెం మగవాళ్ళు ఇద్దరు ముగ్గురూ వెళ్ళి ఇసుకలో పెట్టి వచ్చారు. ఆ గుంత తీసినవాళ్ళలో ఈ బోటు ఆయన ఒకడు. అప్పటికి ఇంకా పెళ్ళి కాలేదు ఆయనకు. ఆమె మంచం దిగి అడిగితే, ఫలానా చెట్టుకు తూర్పున అని చూపించాడు.

సరుగుడు తోపంటే కొన్నేళ్ళకోసారి నరికి మళ్ళీ నాటేది. నరికినప్పుడల్లా గుర్తు పోయేది. అప్పుడు ఇద్దరూ తోపులో నిలబడి ఇక్కడంటే ఇక్కడని వాదులాడుకుని, చివరికి ఒక చోట ఒప్పుకునేవాళ్ళు. పెదనాన్న ఆ వైపే వచ్చేవాడు కాదు. ఆయన పోయాక కూడా వీళ్ళిద్దరే. ఇదంతా మా ఇళ్ళలో అందరికీ తెలుసు, ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు. పెద్దమ్మ మాత్రం దాచేది కాదు. పెట్టె నాకు చూపిస్తూ, "ఇంక చెట్లు కొట్టుకోనీరా, నాకేం బయంలేదు" అంది. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో పాప అని ఉంది.

పెట్టె వచ్చాక ఆమె నిజంగానే ఊళ్ళు తిరిగింది. బస్సులో కొన్ని, రైల్లో కొన్ని, నా మోటారు సైకిలు వెనక చాలా. నేను డ్రైవర్నీ, కూలీనీ, చీవాట్లు తినేవాణ్ణీ. ఎక్కడికి వెళ్ళినా ముందు ఆరుబయట నిలబడి పెట్టెను ఆకాశం వైపు చూపించాలి. దానికి ఉపగ్రహాలు దొరికిందాకా కదలకూడదు. ఆ తర్వాత ఆ చోటు నొక్కదగ్గదా కాదా అని ఆలోచన. పేరున్న గుళ్ళకు వెళ్ళాం, జలపాతాలకు వెళ్ళాం. గంటలకొద్దీ వరసలో నిలబెట్టి, దేవుడి ముందు నిలబడగానే ఇద్దరు పట్టుకుని పక్కకు లాగేసిన చోట ఆమె పెట్టె బయటికే తీయలేదు. తిరుగు దారిలో ఏదో ఊరి బస్టాండులో ఆడవాళ్ళ మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటే, ఎండలో నిలబడి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ చోటుకు పేరు పెట్టింది. నాకు కడుపు మండిపోయింది. మగముండావాడివి నీకేం తెలుసు అంది.

దొరవారిసత్రం దగ్గర కొంగల్ని చూడ్డానికి పోయినప్పుడు జరిగింది చెప్పాలి. పొలం గట్టు మీద నిలబడి ఆమె పెట్టెను పైకెత్తింది. అప్పుడు అంతటా భూముల రీసర్వే జరుగుతోంది. కళ్ళద్దాలూ, చేతిలో యంత్రమూ, వెనక మోటారు సైకిలు మీద నేనూ. ఇంకేముంది, సర్వే మేడమ్ వచ్చిందని నలుగురు రైతులు పాసుపుస్తకాలు పట్టుకుని వచ్చేశారు. ఒకాయన గట్టు జరిగిందంటాడు, ఇంకొకాయన పేరు తప్పు పడిందంటాడు. నేను కాదని చెప్పబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. గట్టు మీద కూర్చుని అందరిదీ విన్నది. చివర్న, నేను సర్వే మనిషిని కాదయ్యా, నర్సుని, ఎవరికన్నా బీపీ చూడాల్నా అని అడిగింది. బీపీ మిషను ఎప్పుడూ సంచిలో ఉండేది. అందరికీ చూసింది. ఒకాయన భార్య చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఆ గట్టు నొక్కింది పెద్దమ్మ. కొంగల్ని నొక్కలేదు.

ఈ పని ఇప్పుడు ఫోను చేస్తుంది పెద్దమ్మా, ఇదెందుకు మోయడం అని ఎన్నోసార్లు పోరాను. ఫోను అడక్కుండానే అన్నీ గుర్తు పెట్టుకుంటాది, దీనికి నేను చెప్తేనే అనేది. ఇంటికి రాగానే బ్యాటరీలు తీసి, తుడిచి, విడిగా ఒక డబ్బాలో పెట్టేది. వదిలేస్తే కారి లోపల తినేస్తాయట. ఆ తిరుగుళ్ళలో నాకు విసుగు ఎంతున్నా, నెల్లూరు దాటి నేను చూసిన ప్రపంచమంతా ఆమె చూపించిందే. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. అంటే తిట్టేది.

కరోనా వచ్చిన ఏడు నుంచి ఆమె పాలేనికి పోలేదు. ముందు భయం, తర్వాత మోకాళ్ళు, ఆ తర్వాత కిడ్నీలు. రోజు విడిచి రోజు నెల్లూరుకు డయాలసిస్. బోగోలు నుంచి రానూపోనూ ప్రయాణమే ఆమెను సగం తినేసేది. మా ఇంట్లో ఉండమంటే ఉండదు. ఒకరోజు మంచం మీద, చేతికి గొట్టాలతో పడుకుని, "ఒరే, ఇది ఎక్కువ దూరం పోయేది కాదు. ఒక్కసారి పాప కాడికి తీసకపోరా" అంది. కాస్త కోలుకున్నాక పోదాంలే అన్నాను. అబద్ధమాడే రోగి బంధువుల్ని నర్సులు ఎలా చూస్తారో అలా చూసింది. సరేనన్నాను.

ఇక్కడ ముందువెనకలుగా ఒక మాట చెప్పేస్తాను. ఆమె అస్థికలు పెన్నలో కలిపారు. కర్మ చేసింది పెదనాన్న తరఫువాళ్ళు. పాలెం దగ్గర కలుపుదామని నేనన్నాను. మా ఆనవాయితీ పెన్నే అన్నారు వాళ్ళు. చెల్లెలి కొడుకుని, నా మాట ఎంతవరకు. పెన్న కూడా సముద్రంలోకే పోతుంది కదరా అని అమ్మ సర్దిచెప్పింది. ఊరుకున్నాను. ఇప్పుడు ఆ ప్రయాణం సంగతి.

బోగోల్లో తెలిసిన ఆటో మాట్లాడుకుని, సీటు మీద దిళ్ళు వేసి, పెద్దమ్మను కూర్చోబెట్టుకుని బయల్దేరాం. పెట్టె ఆమె ఒళ్ళో ఉంది. తెర మీద బాణం గుర్తు దారి చూపిస్తోంది, దూరం తగ్గుతోంది. ఆమె తెర మీదినుంచి చూపు తిప్పలేదు. అందువల్ల నేను చూసింది ఆమె చూడలేదు. పాలెం ఉన్న చోట పాలెం లేదు. ఇళ్ళన్నీ బాగా పడమటికి జరిగి, కొత్త రేకులతో ఉన్నాయి. ఆమె పనిచేసిన ఆసుపత్రి గోడ ఒకటి సగం ఇసుకలో నిలబడి ఉంది. ఆ తర్వాత రోడ్డు విరిగిపోయింది. ఆటో ఆగింది. ముందు కాస్త ఇసుక, ఆ వెనక సముద్రం.

ఇంకా ఉందే, పోనీ అంది పెద్దమ్మ. ఆటో అబ్బాయి నా వైపు చూశాడు. నేను పెట్టె తీసుకుని కిందికి దిగాను. బాణం నేరుగా నీళ్ళలోకి చూపిస్తోంది. పెట్టె చెడిపోయిందేమోనని బ్యాటరీలు తీసి మళ్ళీ వేశాను. ఉపగ్రహాలు దొరికిందాకా నిలబడ్డాను. అదే బాణం. మళ్ళీ తీసి వేశాను. సంగతి అర్థం కాక కాదు. వెనక్కి తిరిగి ఆమె మొహం చూడలేక.

ఈలోగా మేం వచ్చామని తెలిసి బోటు ఆయన వచ్చాడు. మనిషి నెరిసిపోయాడు. పెట్టె నా చేతిలోంచి తీసుకుని, ఒకసారి తెరనూ, ఒకసారి సముద్రాన్నీ చూసి ఆటో దగ్గరికి నడిచాడు.

"పెట్టె బాగానే ఉండాదమ్మా" అన్నాడు. "నేలే పోయింది. తోపంతా సముద్రంలోకి కోసకపోయింది. మీకు చెప్దామని రెండుమాట్లు బోగోలు వచ్చినా. మీ వాకిటి దాకా వచ్చి తిరుక్కున్నా."

ఎంత దూరం అని అడిగింది పెద్దమ్మ. అలలు విరిగే చోటికి కాస్త అవతల అని చూపించాడు. అయితే బోటు దింపు, వస్తా అంది. అని కాలు కిందికి పెట్టబోయింది. ఉబ్బిన కాలు ఆటో అంచు దాటి రాలేదు. నేను పట్టుకుంటే ఇంకోసారి ప్రయత్నించింది. అలలు నిలువెత్తున లేస్తున్నాయి. ఎత్తుకుని తీసుకుపోదామన్నా పోలేని చోటు. వద్దు పెద్దమ్మా అన్నాను. వద్దమ్మా అన్నాడాయన. ఊరంతటినీ గదమాయించిన మనిషి, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. బతిమాలుతున్నట్టు చూసింది. నేను ఆమె రెక్క పట్టుకునే నిలబడ్డాను.

"పెట్టె నా కాడ ఉండనీండమ్మా" అన్నాడు బోటు ఆయన. "నేను పోయి ఆ చోట నిలబడతా. మీరు ఈడనుంచే చూడండి."

నలుగురు కలిసి ఫైబరు పడవను నీళ్ళలోకి తోశారు. ఆయన అల్లుడు ఇంజిను పట్టుకున్నాడు. ఆయన ముందు కొసన కాళ్ళు ఎడంగా పెట్టి, పెట్టెను మొహానికి దగ్గరగా పట్టుకుని నిలబడ్డాడు. పడవ అలల మీద లేచి పడి, దాటుకుని అవతలికి పోయింది. అటు ఇటు చేత్తో సైగ చేశాడు. పడవ నెమ్మదించింది. అప్పుడాయన కుడిచెయ్యి నిలువుగా పైకెత్తాడు.

పెద్దమ్మ కళ్ళద్దాలు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

అక్కడ లంగరు వేస్తే పడవ తిరగబడుతుందట. వేయకపోతే నిలవదు. చూస్తుండగానే నీటి ఈడుపుకు పక్కకు జారిపోయింది. చెయ్యి కిందికి దిగింది. ఇంజిను మోగింది, పడవ చుట్టు తిరిగి వచ్చింది, చెయ్యి మళ్ళీ లేచింది. మళ్ళీ జారింది. చెయ్యి లేచినప్పుడల్లా పెద్దమ్మ ఆటో కమ్మీ పట్టుకుని ముందుకు వంగేది. దిగినప్పుడు వెనక్కి ఆనుకునేది. ఆయన ఆపలేదు. నేను చాలని కేక వేయలేదు. ఎండ ఎక్కింది, మందుల వేళ దాటింది. పోదామా మేడం అని ఆటో అబ్బాయి మెల్లగా అడిగాడు.

"ఉండబ్బయా" అంది పెద్దమ్మ, నీళ్ళ మీదినుంచి చూపు తిప్పకుండా. "మళ్ళా వస్తుండాడు."

పడవ చుట్టు తిరుగుతోంది. ఆయన తల వంచుకుని తెర చూసుకుంటున్నాడు. చెయ్యి ఇంకా లేవలేదు.