కచేరీ గోడ మీది గుమ్మడికాయలామె

దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకుంటే ఇంకా మంచిది, నవ్వొచ్చినప్పుడు వెనక్కి పడరు.

నా చిన్నప్పుడు మా ఇంట్లో సీతాఫలాలు పంచడమంటే పెద్ద వ్యవహారం. అర్ధవీడు పక్కన మా ఊరు. కాలం వస్తే కొండ మీది కాయలు గంపలకొద్దీ ఇంటికి వచ్చేవి. మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, వాటిని కుప్పలు పెట్టేది. పెద్దదాని పక్కన చిన్నది, మగ్గినదాని పక్కన కసుగాయ, అన్ని కుప్పలూ సరితూగేట్టు. ఒకరు గోడ వైపు తిరిగి కళ్లు మూసుకోవాలి. అవ్వ ఒక కుప్ప మీద చెయ్యి వేసి "ఇది ఎవరికి?" అంటే, వాళ్లు చూడకుండా పేరు చెప్పాలి. ఇక దాని మీద అప్పీలు లేదు.

అట్లాంటి అవ్వ కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఒక కుప్ప కొండ, ఒక కుప్ప గుంత అయ్యాయి. మేము జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. ఒకనాడు "ఈ కాయ ఇంత నున్నగుందేంది?" అంటూ మా తమ్ముడి గుండు నిమిరింది. మేమంతా పగలబడి నవ్వాం. అవ్వ నవ్వలేదు. ఆ రోజు నుంచి గంప ముట్టుకోలేదు.

మార్కాపురంలో కళ్ల ఆపరేషన్లు చేస్తున్నారని తెలిసింది. అవ్వ ససేమిరా అంది. ఆమెకు కత్తి అంటే భయం లేదు, కట్టు అంటేనే భయం. "గానుగెద్దుకు కట్టినట్ల కళ్లకు గుడ్డ కడతారంట. కట్టినోళ్లు విప్పకపోతే? నేను రాను పో" అంది. నాయన బతిమాలాడు, మేనత్త ఏడ్చింది. మా తాతయ్య మాత్రం సంతకని చెప్పి అవ్వనూ, ఆమెను చెయ్యి పట్టి నడిపించడానికి నన్నూ బస్సెక్కించి, తిన్నగా మార్కాపురం తాలూకా కచేరీ ముందు నిలబెట్టాడు.

ఆ గోడ మీద రంగులతో నిలువెత్తు బొమ్మలు వేసి ఉన్నాయి. ఒకామె కళ్లకు తెల్లగుడ్డ, ఒక చేతిలో తక్కెడ, ఇంకో చేతిలో కత్తి. పక్కన ఇంకొకామె ఒడి నిండా జొన్న కంకులు. అవ్వకు పెద్ద పెద్ద ఆకారాలు మాత్రమే ఆనేవి.

"చూడు. ఈయమ్మకు కళ్ల ఆపరేషనయింది. నలుగురూ చూసి ధైర్నం తెచ్చుకోవాలని గవర్నమెంటోళ్లు గోడకెక్కించినారు. కట్టుతోనే యాపారం చేస్తాంది" అన్నాడు తాతయ్య.

"ఏం అమ్ముతాది?"

"గుమ్మడికాయలు."

"కత్తేంది, అంత పొడుగు?"

"గుమ్మడికాయ కొయ్యాలంటే నీ కత్తిపీట చాలుతాదా?"

"ఆ పక్కనామె?"

"కొనేదానికొచ్చింది. జొన్నలకు మార్చుకుంటాది."

తక్కెడలో గుమ్మడికాయ లేదే అని నేను నోరు తెరిచాను. తాతయ్య అందులో బొరుగుల ఉండ కుక్కాడు. అవ్వ కొంగు బిగించి, "ఆమెకు లేని భయం నాకేంది, పాండి" అంది.

ఆపరేషన్ అయింది, కట్టు విప్పారు, మందపాటి అద్దాలు పెట్టారు. తిరిగి ఊరికి బయల్దేరితే అవ్వ బస్టాండు వైపు నడవనంది. "ఆయమ్మకు చెప్పి పోవద్దా?" అంది. బస్సు పోతుందని తాతయ్య ఎంత మొత్తుకున్నా వినలేదు.

గోడ ముందు నిలబడి పైనుంచి కిందికి చూసింది. "ఏమయ్యా, నాకు విప్పినారు, ఈమెకింకా విప్పలేదే? తక్కెడ చూస్తే ఖాళీ. కాయలన్నీ అయిపోయినాయా?" అని వెనక్కి తిరిగితే తాతయ్య లేడు. ఎదురు టీ దుకాణంలో గ్లాసు వెనక మొహం దాచుకుంటున్నాడు.

కచేరీ బంట్రోతు పడీ పడీ నవ్వాడు. "ఆమె న్యాయదేవత అవ్వా. ముందర నిలబడినోడు మనోడా, పరాయోడా అని చూడకుండా తీర్పు చెప్పాలని కళ్లకు గంత" అన్నాడు.

అవ్వ నా వీపు మీద ఒకటి చరిచింది. "ఓసి, మన సీతాఫలాల పంపకమే గదే! గోడ తట్టు తిరిగి పేర్లు చెప్పే పిల్ల ఈయమ్మ. మరి కుప్పలు పెట్టే ఆమెను ఎయ్యలేదేంది? కళ్లుండాల్సింది ఆమెకు గదా!" బంట్రోతు ఆ సంగతి లోపల ఆఫీసరును అడగమన్నాడు.

ఇల్లు చేరగానే అవ్వ గంప ముందేసుకుంది. ఒక్కో కాయనూ అద్దాల దగ్గరికి తెచ్చుకుని చూసి కుప్పలు పెట్టింది. ఒక్క కుప్పలో మాత్రం అన్నీ కసుగాయలే వేసి మాకు కన్ను గీటింది. అబద్ధమాడిన తాతయ్యకు ఆ రోజు కళ్లు మూసుకునే వంతు. ఆయన ఎప్పుడూ తన పేరు చివరనే చెప్పేవాడు. అందుకని అవ్వ ఆ కుప్పను చివరకు అట్టిపెట్టింది. ఆ రోజు ఆకలేసిందో ఏమో, తాతయ్య మధ్యలోనే తన పేరు చెప్పేసుకున్నాడు. చివరికి కసుగాయల కుప్ప మిగిలింది, అవ్వ పేరు మిగిలింది.

అవ్వ అద్దాలు జారిపోయేట్టు నవ్వింది. "అప్పీలు లేదు" అని ఆ కాయలను గడ్డిలో మగ్గేసింది. మగ్గిన మొదటి కాయ తెచ్చి తాతయ్య చేతిలోనే పెట్టింది.

మొన్న నాకూ శుక్లాలు తీశారు. కట్టు కడుతుంటే నవ్వుతున్నానని డాక్టరమ్మ వింతగా చూసింది. నేను ఇంట్లో ఏది పంచినా ఈనాటికీ ఒకరిని గోడ వైపు తిప్పుతాను. చెడ్డ కుప్ప మాత్రం ఒక్కటీ పెట్టను, అది ఎవరి పేరున పడుతుందో చెప్పలేం కదా.

మీ ఇంట పంచుకునేందుకు గంప నిండుగా ఉండాలి. పంచే చేతికి చూపు తగ్గకూడదు. ఎప్పుడైనా కసుగాయలు మీ వంతుకొస్తే, అవి మగ్గేదాకా పక్కన కూర్చుని నవ్వించే మనిషి మీ ఇంట్లోనే ఉండాలి.