కజ్జికాయ అంచు కిరీటం

తిరుత్తణిలో అరక్కోణం రోడ్డు నుంచి లోపలికి తిరిగే మూడో సందులో, ఒక రేకుల గదిలో, గత ఆరేళ్లలో ముప్పై మూడు కిరీటాలు పుట్టి ముప్పై ముగ్గురు చక్రవర్తుల తలలకెక్కాయి. చరిత్రకారులెవరూ ఈ సంగతి గమనించలేదు. ఆ చక్రవర్తుల్లో కొందరు పెళ్లికి ముందు ఫోటోలు దిగే వరులు. కొందరు చెవులు కుట్టించుకోవడానికి వచ్చి, కిరీటం ముక్కుదాకా దిగిపోయి, చీకట్లో ఏడ్చిన ఏడాది పిల్లలు. మిగిలినవాళ్లు ఒకానొక రాజుల సినిమాకు భక్తులు. ఆ సినిమా పేరు ఇక్కడ చెప్పడం క్షేమం కాదు. ఆ హీరోకు ఊళ్లో రెండు అభిమాన సంఘాలున్నాయి, రెంటికీ ఒకదానితో ఒకటి పడదు.

ఈ సామ్రాజ్యాలన్నిటికీ కంసాలి ఒక్కడే, తణికాచలం. కులానికి కంసాలి కాడు, వృత్తికీ కాడు. కాక్కలూరు ఎస్టేటులో ఒక ప్లాస్టిక్ కంపెనీలో అచ్చుల సెక్షనులో ఇరవై ఏడేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆయన చేతి కింద బకెట్లు, మగ్గులు, ముక్కాలి పీటలు, కజ్జికాయల అచ్చులు లక్షల్లో పుట్టాయి. ఆ ఇరవై ఏడేళ్లూ ఆయనకు ఒకే ఒక వేదాంతం నేర్పాయి: సరుకు గేటు దాటి పోతుంది, అచ్చు ఉంటుంది. బకెట్టు పోయిందని ఫ్యాక్టరీలో ఎవరూ ఏడవరు. ఉక్కు అచ్చు ఉన్నంతకాలం బకెట్టుకు చావు లేదు.

రిటైరయ్యాక ఫోన్‌లో వీడియోలు చూసి ఈ విద్య నేర్చుకున్నాడు. ముందు బంకమన్నుతో కిరీటం చెయ్యాలి. దాని మీద చిక్కటి పెరుగులాంటి సిలికాన్ రబ్బరు పొయ్యాలి. ఒక రోజుకు అది చెప్పుల అడుగులా మెత్తగా గట్టిపడుతుంది. లోపలి మన్ను తీసేస్తే ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనరూ కలిపి పోస్తే కిరీటం. సిలికాన్‌ది భార్యల స్వభావం, ఒకసారి చూసినది మరిచిపోదు. మన్ను మీద గీత ఉంటే గీత, గోటి నొక్కుంటే నొక్కు, అన్నీ పట్టుకుంటుంది. ఈ పోలిక తణికాచలానిదే. భార్య వరదమ్మ లోపల పప్పు రుబ్బుతున్నప్పుడు మాత్రమే చెప్పేవాడు.

సినిమాలో ఆ కిరీటం అంచున ముత్యాల వరస ఉంది. బకెట్లకు అలవాటుపడిన వేళ్లకు ముత్యాలు లొంగలేదు. మూడు రోజులు కూర్చున్నాడు. కాఫీ ఇవ్వడానికి వచ్చిన వరదమ్మ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడింది.

"ఏమయ్యా, మూడు దినాలుగా శనగ్గింజలు అతికిస్తా ఉండావు."

"ముత్యాలు మే అవి."

"ముత్యాలని నువ్వు చెప్తే గానీ తెలీలేదు. జరుగు."

చెయ్యి కొంగుకు తుడుచుకుని కూర్చుంది. శనగ్గింజలన్నీ ఊడబీకి, మన్నును తాడులా సాగదీసి, కిరీటం చుట్టూ అతికించి, బొటనవేలితో మొదలుపెట్టింది. నొక్కడం, మడవడం, నొక్కడం, మడవడం. దీపావళికి కజ్జికాయల అంచు మడిచే మడతే. పిండయితేనేం, మన్నయితేనేం, ఆ వేలికి తేడా లేదు. నుదుటి పైకి వచ్చే భాగంలో ఉండగా వంటింట్లోంచి చుర్రుమని వినిపించింది. బొటనవేలు అక్కడే నొక్కిపెట్టి, తల మాత్రం తిప్పి కేకేసింది.

"పాపా! పాలు పొంగతా ఉండాయి, ఆ ఫోన్ పక్కన పెట్టి చూడు!"

పాప అంటే కూతురు భార్గవి. పాలు అప్పటికే స్టవ్‌ను అభిషేకించాయి. వరదమ్మ మళ్లీ తల తిప్పి మిగిలిన మడతలు పూర్తిచేసింది. కేకేసిన చోట మాత్రం నొక్కు లోతుగా, వెడల్పుగా పడింది, వరసలో ఒక పన్ను సందులాగా.

"చక్రవర్తి నెత్తిన కజ్జికాయ పెట్టినావు గదే!" అన్నాడు తణికాచలం.

"ఆకలేస్తే తుంచుకుంటాడులే" అని ఆమె లేచిపోయింది.

ఆయన దాన్ని చెరిపి మళ్లీ ముత్యాలకు కూర్చోవలసింది. కానీ ఒంట్లో ఓపిక లేదు, సిలికాన్ డబ్బా మూత తీసి ఉంది. పోసేశాడు. మరునాడు మన్ను ఊడదీసి, నీళ్లు చల్లి, బాగా పిసికి, ఇంకో పనికి పనికొస్తుందని బకెట్లో వేశాడు. వరదమ్మ మడిచిన మడతలన్నీ ఆయన చేతుల్లోనే మళ్లీ మన్నయ్యాయి. అందులో ఆయనకు తప్పేమీ కనిపించలేదు. అచ్చు ఉంది కదా.

మొదటి కిరీటం కొనుక్కోవడానికి అత్తిమంజేరిపేట నుంచి సుందరరాజ్ అనే అభిమాని మోటారు సైకిలు మీద వచ్చాడు. వరదమ్మ ఇచ్చిన కాఫీ తాగి, కిరీటాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వెళ్లాడు. నెల తిరగకుండానే షోళింగర్ నుంచి ఇంకో అభిమాని ఫోన్ చేసి దబాయించాడు.

"సినిమాలో ముత్యాలు సార్. మీ దాంట్లో ఏంది, సోమాసి మాదిరి ఉండాది?" అరవంలో కజ్జికాయను సోమాసి అంటారు.

"అది ఆ వంశాచారం" అన్నాడు తణికాచలం గంభీరంగా. లోపల వరదమ్మ నవ్విన నవ్వుకు చేతిలో గరిటె కిందపడింది.

రెండేళ్ల కిందట, చిత్తిరై నెల ఎండల్లో, ఒక మధ్యాహ్నం గుండెలో మంటగా ఉందని వరదమ్మ జీలకర్ర నీళ్లు తాగి పడుకుంది. మళ్లీ లేవలేదు. అంతే. ఇంత చిన్న వాక్యాల్లో ఇమిడే సంగతి కాదు గానీ, తణికాచలం ఎవరడిగినా ఇంతకంటే పెద్దగా చెప్పలేదు.

ఆ ఏడు దీపావళికి ఇంట్లో నూనె మూకుడు పొయ్యెక్కలేదు. మరుసటి ఏడు భార్గవి కజ్జికాయలు చేసింది. ఎప్పుడో తణికాచలం ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ప్లాస్టిక్ అచ్చు ఒకటి మేకుకు వేలాడుతుండేది. వరదమ్మ దాన్ని జన్మలో ముట్టుకోలేదు. దాంతో చేస్తే కజ్జికాయలు కావు, రేషన్ కార్డులు అవుతాయి, అందరివీ ఒకటే మాదిరి అనేది. భార్గవి దాంతోనే చేసింది. నూటిరవై కజ్జికాయలు, నూటిరవైకీ ఒకే అంచు. వాటికి వంక పెట్టడానికి లేదు. అదే వాటి వంక.

తణికాచలం ఒకటి కొరికి, పక్కన పెట్టి, రేకుల గదిలోకి వెళ్లాడు. రంగు వెయ్యడానికి సిద్ధంగా ఉన్న కిరీటాన్ని చేతిలోకి తీసుకుని అంచు మీద వేలు పెట్టి తడుముతూ పోయాడు. మడత, మడత, మడత. పాలు పొంగిన చోటు వచ్చింది. వేలు లోతులోకి దిగింది. వాకిట్లో పిల్లలు టపాకాయలు కాలుస్తున్నారు, అందుకని ఆయన ఏడ్చింది ఎవరికీ వినబడలేదు.

అప్పటినుంచి ప్రతి కిరీటాన్నీ అచ్చులోంచి తీయగానే ముందు ఆ చోటు వెతుక్కునేవాడు. వెచ్చగా ఉండేది, రెసిన్ వేడి. తడిమి, రంగు వేసి, పార్సెల్ కట్టి పంపేసేవాడు.

"ఒకటి ఇంట్లో పెట్టుకోరాదా నాయనా" అంది భార్గవి. ఆమె పొద్దున లోకల్ రైల్లో తిరువళ్లూరులో ఉద్యోగానికి పోయి సాయంత్రానికి వస్తుంది. ఇంట్లో ఉన్న ఆ కాస్త సేపట్లోనే తండ్రి సంగతంతా కనిపెట్టింది.

"యాల? అచ్చుండాది గదా. కావాలంటే అప్పుడు పోసుకోవచ్చు."

ఉక్కు అచ్చు పది లక్షల బకెట్లు పోస్తుంది. సిలికాన్ అచ్చు ముప్పై, మహా అయితే నలభై పోతలకు మించి రాదు. డబ్బా మీద రాసే ఉంది, ఆయన చదివే ఉన్నాడు. మనుషులు పోతారని కూడా అందరూ చదివే ఉంటారు.

వరదమ్మ రెండో ఏడు తిథి అయిన మరునాడు ఆయన ముప్పై నాలుగో కిరీటం పోశాడు. దానికి ఆర్డరు లేదు. ఎవరూ అడగలేదు. ఆ చోటు ఒకసారి వేలికి తగలాలి, అంతే. బయట కత్తిరి ఎండ, రేకుల కింద నిప్పుల గుండం. ఎండల్లో హార్డెనర్ తగ్గించాలి. తై నెల చలిలో వేసిన కొలతే ఇప్పుడూ వేశాడు. అచ్చులో రెసిన్ పొగలు కక్కింది. చల్లారాక లాగితే రాలేదు. ఇంకా లాగాడు. టప్ మని కిరీటం అంచు ముక్కలైంది. లోతైన మడతల దగ్గర రబ్బరు రెసిన్‌కు అతుక్కుని చిరిగి వచ్చేసింది. అచ్చు ముందరి అంచు, పళ్లూడిన చిగుళ్లలా మిగిలింది. తణికాచలం ముక్కలన్నీ సంచిలో ఎత్తి మూలన పెట్టి, రెండు రోజులు ఆ గది తలుపు తెరవలేదు.

ఇక మిగిలిన దారి ఒక్కటే. పాత కిరీటం ఒకటి దొరికితే దాని మీద కొత్త అచ్చు పోసుకోవచ్చు. భార్గవి కొన్నవాళ్లందరికీ మెసేజీలు పెట్టింది. ఒకడి కిరీటం ఊరేగింపులో బస్సు కింద పడింది. ఒకడు పెళ్లయ్యాక భార్య పారేసిందన్నాడు. చాలామంది బదులే ఇవ్వలేదు. సుందరరాజ్ ఒక్కడే వెంటనే ఫోన్ చేశాడు. "నా ప్రాణం పోయినా అది పోదు అన్నా, రండి."

ఆదివారం తండ్రీ కూతుళ్లు బస్సెక్కి అత్తిమంజేరిపేట వెళ్లారు. తణికాచలం ఒళ్లో సంచి, సంచిలో కొత్త సిలికాన్ డబ్బా. సుందరరాజ్ ఇంట్లో కిరీటానికి అద్దాల బీరువా, దానికో బల్బు, దానికి కుంకుమ. ఆయన బీరువా తాళం తీసి, రెండు చేతులా కిరీటాన్ని బయటికి తెచ్చాడు.

అంచు చుట్టూ ముత్యాలు.

"చూసినారా అన్నా!" సుందరరాజ్ మొహం వెలిగిపోతోంది. "మీది రొంబ బాగుండింది, ఆ సోమాసి డిజైను ఒకటే తప్పు. రెండు ఆదివారాలు ఉప్పుకాగితం పెట్టి రుద్దినాను. నున్నగా అద్దం మాదిరి చేసి, ముత్యాలు తిరుపతి నుంచి తెప్పించి అతికించినాను. ఇప్పుడు సినిమాదే, ఎవురూ తేడా కనిపెట్టలేరు."

తణికాచలం వేలు అలవాటు కొద్దీ నుదుటి పైభాగానికి వెళ్లింది. అక్కడ ఒక ముత్యం ఉంది. చల్లగా, గుండ్రంగా, తప్పేమీ లేకుండా.

"బాగుండాది" అన్నాడు.

"దీని మీదనే అచ్చు పోసుకోండి అన్నా. ఇంక ఎవురూ కంప్లెయింటు చెయ్యరు. ఔను, అక్క బాగుండాదా? ఆ పొద్దు కాఫీ ఇచ్చింది, ఇంకా నోట్లో ఉండాది ఆ రుచి."

భార్గవి తండ్రి వైపు చూసింది.

"బాగుండాది" అన్నాడు తణికాచలం మళ్లీ. ఆ రోజుకు ఆయన దగ్గర ఆ ఒక్క మాటే ఉన్నట్టుంది.

బస్సులో చాలా దూరం వచ్చాక భార్గవి అడిగింది. "అమ్మ బాగుండాదని యాల నాయనా చెప్పినావు?"

"ఆమె పోయిందనీ, తను రుద్దింది ఏందనీ తెలిస్తే, ఆయప్ప ఇంక జన్మలో ఆ కిరీటం తాకగలడా? పోనీలే. ఒకరన్నా సంతోషంగా ఉండనీ."

ఇంటికి రాగానే తణికాచలం రేకుల గది తెరిచాడు. పాడైన అచ్చును పారెయ్యరు. ముక్కలుగా కత్తిరించి కొత్త సిలికాన్‌లో కలిపితే ఖర్చు కలిసివస్తుంది. ఫ్యాక్టరీ మనిషి, దేన్నీ వృథా పోనివ్వడు. పెద్ద కత్తెర తీసుకుని, అచ్చును దిండు గలీబులా లోపలిది బయటికి తిప్పి, చిరగని వెనక అంచు దగ్గర కత్తెర పెట్టబోతూ, ఎక్కడ మొదలుపెట్టాలా అని వేలితో తడిమాడు.

చెయ్యి ఆగిపోయింది.

కిరీటంలో గుంట ఉన్న చోట అచ్చులో బుడిపె ఉంటుంది. ఇరవై ఏడేళ్లు అచ్చుల మధ్య బతికినవాడికి ఎవరూ చెప్పనక్కరలేని సంగతి అది. అయినా ఆయన ఇంతవరకూ దాన్ని వేలితో చూడలేదు. ఆ బుడిపె మెత్తగా ఉంది. బొటనవేలి కొసంత ఉంది. కిటికీ వెలుగుకు తిప్పి కళ్లద్దాలు పెట్టుకుంటే, దాని మీద సన్నటి వలయాలు, అడ్డంగా ఒక చిన్న గాటు. కత్తిపీట మీద ములక్కాడలు కోస్తూ వరదమ్మ వేలు తెగితే తనే గుడ్డ చుట్టిన గాటు.

ఇన్నాళ్లూ వేలు ఆనిన గుంటలను తడుముతూ కూర్చున్నాడు. వేలు ఇక్కడ ఉంది. దీన్ని రేకుల గదిలో మూలన పడేసి, పోసినప్పుడల్లా వేడివేడి రెసిన్‌తో కాల్చి, పట్టి లాగి, ఒక్కొక్కటే చింపుకున్నాడు.

"పాపా" అని పిలిచాడు.

భార్గవి వచ్చి చూసింది. ఒక్కొక్క బుడిపె మీదా తన బొటనవేలు ఆనించి చూసింది. వెనక అంచున తొమ్మిది మిగిలాయి. ముందరి అంచున ఒక్కటీ లేదు.

"పాలు పొంగినది?" అంది మెల్లగా. ఆ కథ ఆ ఇంట్లో వందసార్లు చెప్పుకున్నదే.

తణికాచలం మూలన ఉన్న సంచిని నేల మీద కుమ్మరించాడు. పగిలిన అంచు ముక్కల్ని ఇద్దరూ ఒక్కొక్కటిగా తిప్పి చూశారు. భార్గవికే దొరికింది. అరచేతిలో పట్టేంత ముక్క, మధ్యలో వెడల్పాటి లోతు నొక్కు. ఆ నొక్కులో, అచ్చు నుంచి చిరిగి వచ్చిన తెల్లటి రబ్బరు బుడిపె ఇంకా అట్లాగే దిగబడి ఉంది. పైన చిరిగిన అంచు, లోపల గట్టిగా ఆనుకున్న వేలు.

భార్గవి జడలోంచి పిన్ను తీసింది.

"పిన్నుతో నిదానంగా తీసేదా నాయనా? దాచి పెట్టుకుందాం."

తణికాచలం ముక్కను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"తీయొద్దు పాపా. ఆమె ఇంకా పాల పక్కే చూస్తా ఉండాది."