కమలవ్వ గుండిగకు కళాయి

ఎల్లారెడ్డి బజారులో గిన్నెలకు కళాయి పెట్టే అజీముద్దీన్ కుదురుగా కూర్చోగా ఎవరూ చూడలేదు. కొలిమి ముందు గొంతుక్కూర్చున్నా ఒక కన్ను గిన్నె మీద, ఇంకో కన్ను ఎప్పుడూ పరుగులు తీసే నాలుగేళ్ళ కొడుకు మీద ఉండేది. ఆ పసివాడికి నిప్పంటే మహా మోజు. మూడో కన్నంటూ ఉంటే అది తిత్తి ఊదే కుర్రవాడి మీద.

దొంగతనాల్లో దొరికిన కుర్రవాళ్ళను చేరదీసే గొడవ తలకెత్తుకున్నది కొడుకు పుట్టకముందే. అంగట్లో బెల్లం దొంగిలిస్తూ జహూర్ అనే పిల్లవాడు దొరికాడు. కేసు రాసి పంపితే నిజామాబాదు జైల్లో ముదురు దొంగల పక్కన పడుకోవాలి. ఊరి పెద్దమనుషులు ఠాణాకు వెళ్ళి పోలీసు అమీనును బతిమాలారు.

"ఎవరన్న జామీనుండి పని నేర్పుండ్రి. అంగడి నాడల్లా పగటీలి లోపట, పొద్దు నడినెత్తికి రాకముందే నా ముంగట నిలబెట్టుండ్రి. కేసు రాయను," అన్నాడు అమీను. "మళ్ళ తప్పు చేసిండో, వాని సంగతి నేను చూసుకుంట."

పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుమ్మం దగ్గర నిలబడ్డ అజీముద్దీన్ "నేనుంట సాబ్" అనేశాడు. అప్పటికి భార్య రహీమాకు నెలలు నిండుతున్నాయి. పుట్టబోయేవాడు రేపు ఇలాగే దొరికిపోతే వాడికెవరుంటారన్న దిగులు ఆయనతో అలా అనిపించింది.

జహూర్ పని నేర్చి కామారెడ్డిలో సొంతంగా కొలిమి పెట్టుకున్నాడు. తరువాత వచ్చినవాడు వెంకటి. ముసలి కమలవ్వ ఇంట్లో ఇత్తడి చెంబు ఎత్తుకెళుతూ దొరికాడు. అజీముద్దీన్ పద్ధతి ఒకటుంది. ఏ ఇంట్లో దొంగిలించాడో ఆ ఇంటికే వాణ్ణి గిన్నెలు తెమ్మని పంపేవాడు. మొదట్లో కమలవ్వ తలుపు సగమే తెరిచి, "ముంతలిస్తున్న, ఒక్కొక్కటి చూసుకున్న, లెక్క గూడ నాకెరుకే," అని గొణిగేది. పోనుపోను తలుపు పూర్తిగా తెరిచింది.

అంతలో యుద్ధం వచ్చిపడింది. కళాయికి పూసే తగరం కోసం అజీముద్దీన్ కామారెడ్డికి వెళితే షావుకారు చేతులెత్తేశాడు.

"జపానోళ్ళు మలయా తీసుకున్నరట. ఇగ తగరం యాడికెల్లి తేవాలె? గీ ముక్క ఉన్నది, కొంటె కొను."

ఆ ముక్కతో నెల గడవదు. పోచారం జాలరుల దగ్గర వలలకు కట్టే సీసం గుండ్లు కొన్నాడు. తగరంలో సీసం కరిగించాడు. పులుపు తగిలితే సీసం కూట్లోకి దిగుతుందనీ, ఆ పూటే ఏమీ తెలియకపోయినా పిల్లల ఒళ్ళు లోలోపల గుల్లవుతుందనీ తండ్రి చెప్పిన మాట ఆయనకు గుర్తుంది. నీళ్ళ బిందెలకే కదా అనుకున్నాడు. ఆ తరువాత మనవరాలి పెళ్ళికని కమలవ్వ పెద్ద గుండిగ పంపింది. అన్నం వండడానికే కదా అనుకున్నాడు.

"ఏంది ఉస్తాద్ అది? రంగు వేరే ఉన్నది," అన్నాడు వెంకటి.

"నీకెందుకురా? తిత్తి ఊదు."

ఆ సాయంత్రమే కొడుకు పాలగిన్నెకు కళాయి పెట్టాడు. దానికి మాత్రం దాచుకున్న అసలు తగరం బయటికి తీశాడు. వెంకటి తిత్తి ఊదుతూ అన్నీ చూశాడు.

అంగడి నాడు తెల్లారేసరికి వెంకటి లేడు.

పగటికల్లా అజీముద్దీన్ వాణ్ణి అమీను ముందు నిలబెట్టాలి. బస్సు ఆగే చోటికి పరుగెత్తాడు. కామారెడ్డి బస్సు అప్పుడే కదిలిపోయింది. అక్కడ రైలెక్కితే పిల్లవాడు ఎటుపోయినట్టో! అంగడంతా వెదికాడు, ఠాణా ముందునుంచి తలొంచుకుని పోయాడు, మళ్ళీ కొలిమికి వచ్చాడు, మళ్ళీ వీధిలో పడ్డాడు. కమలవ్వ జీతగాడు పోచయ్య ఎదురొచ్చాడు.

"నీ దొంగోడు మా పెండ్లింట్ల చారంత ఒలకబోసిండు. గుంజకు కట్టేసినం. ఠాణా జవాను గూడ వచ్చిండు, నడువు."

వాకిలి నిండా చింతపండు వాసన. పందిరి గుంజకు కట్టిన వెంకటి పెదవి చిట్లి ఉంది. పక్కన గుండిగ బోర్లా పడి ఉంది.

"పొయ్యి మీదికెల్లి దించినమో లేదో, ఉరికొచ్చి తన్నిండు," అంది కమలవ్వ. "ఎందుకురా అంటె మాట్లాడడు. చెంబు నాడే చేతులు ఇరగ్గొడితే బాగుండు!"

జవాను బెత్తం ఊపాడు. "చెప్పురా. కావాలని చేసినవా?"

వెంకటి ఉస్తాదు వంక చూశాడు. వెంటనే చూపు దించుకున్నాడు. "కాలు జారింది," అన్నాడు.

అజీముద్దీన్‌కు అప్పుడు అర్థమైంది. వాడు తన తప్పును దాస్తున్నాడు. ఆ ఒక్క మాటను ఒప్పుకుని ఊరుకుంటే చాలు, తన పనీ పేరూ నిలుస్తాయి. వెంకటి నిజామాబాదు పోతాడు. వాకిట్లో పిల్లలు ఒలికిన చారు చుట్టూ గెంతుతున్నారు. ఒకడు వేలు ముంచి నోటి దగ్గరికి తీసుకెళుతున్నాడు.

"తినకురా!" అని అరిచి అజీముద్దీన్ వాడి చెయ్యి పట్టి లాగేశాడు. అరిచాక ఇక ఆగలేకపోయాడు. భుజం మీది తెల్ల తువ్వాలు తీసి గుండిగ లోపల గట్టిగా రుద్ది అందరికీ చూపించాడు. బట్ట మీద నల్లటి చార పడింది.

"సీసం కలిపిన అవ్వా, ఉత్త తగరమైతె గిట్ల నల్లగ అంటదు. పులుపు పడితె విషం. నా కొడుకు గిన్నెకు కలపలె, నీ గుండిగకు కలిపిన. పోరడు అది చూసిండు."

కమలవ్వ ఆ బట్టను చూసింది, పిల్లలను చూసింది. వేలు ముంచిన పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుంది.

"నీ ఇంట్ల ఉన్నోళ్ళే పిల్లలా రా?" అంది.



"కట్లు ఇప్పు పోచిగా," అంది కమలవ్వ.

"ఎట్ల ఇడుస్తరు?" అన్నాడు జవాను. "వీనికి జామీను ఈ సాబే గదా. ఇగ ఈయన మాట ఎవ్వలు నమ్ముతరు?"

"జామీనుకు నన్ను రాసుకొమ్మను మీ అమీన్ సాబును. ముసల్దాన్ని, యాడికి పోత? పగటీలి లోపట నేనే తోలుకొస్త." ఆమె అజీముద్దీన్ వైపు తిరిగింది. "నువ్వు గుండిగను మీ ఇంటికి కొంచబోవుడు లేదు. ఈడనే, నా కండ్ల ముంగట గీకి కళాయి పెట్టు. అందాక కుండల్ల వండుకుంటం."

కొలిమి పెళ్ళి వాకిట్లోకి వచ్చింది. అజీముద్దీన్ పాత పూతంతా గీకాడు, గుండిగను వేడి చేశాడు, పూత పట్టడానికి నవసాగరం పొడి చల్లాడు. తెల్లటి పొగ లేచింది. చుట్టాలంతా మూగి చూస్తున్నారు. ఇంటి నుంచి తెప్పించిన తగరం ముక్క వెంకటి చేతిలో ఉంది.

అజీముద్దీన్ చెయ్యి చాచాడు.

వెంకటి ఇవ్వలేదు. ముక్కను తన తెల్ల అంగీ అంచుకు రుద్దాడు. ఆ అంచును వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. ఇంకోసారి రుద్దాడు. కొలిమి మీద గుండిగ కాలిపోతోంది, పొద్దు పైకెక్కుతోంది, ఠాణాకు వేళవుతోంది. అజీముద్దీన్ మాత్రం చాచిన చెయ్యి వెనక్కి తీసుకోకుండా వాడి కళ్ళలోకి చూస్తూ ఉండిపోయాడు.